కళ్లు లేని ఫైలు

ఆళ్లగడ్డ,
2024 జూన్ 9.

లూదియా అక్కకు,

తమ్ముడు అజయ్ వందనాలు. అమ్మ బాగుంది. మోకాలి నొప్పి అట్లే ఉంది గానీ చర్చికి నడిచే పోతానంటుంది.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఏందిరా అని నవ్వుతావని తెలుసు. కారణం ఉంది. నువ్వు ఇప్పించిన పని కోసం మీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను నిన్న నా కంప్యూటర్‌లో ఎక్కించాను. తెర మూలన పచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. పది నిమిషాలకొకసారి తెరను ఫోటో తీస్తుందట. నా ఫోన్ మెసేజీలన్నీ అదే తెర మీద తెరుచుకుంటాయి కదా. మీ కంపెనీ గురించి నీకేమైనా రాస్తే నీకంటే ముందు వాళ్లే చదువుతారు. ఫోన్ చేసి చెబుదామంటే నువ్వు అంట్లు తోముకుంటూ ఊ కొడతావు. కాగితమైతే కూర్చుని చదువుతావు. ఇమ్మానుయేలు బావ రోజూ నంద్యాల బడికి వస్తాడు కాబట్టి ఆయన సంచిలో పెడుతున్నాను.

తోరణాలు, స్తంభాలు గీసివ్వడం నాకు కష్టమేం కాదు. పొద్దున ఓబులేసు ఆచారి షెడ్డులో పని, మధ్యాహ్నం నుంచి మీ వాళ్ల పని. భయమల్లా రెండు పనులూ ఒకే కంప్యూటర్‌లో ఉండటమే. ఆచారి గారు చెక్కే పెద్దమ్మ దేవత ముఖం అందులోనే ఉంది. వాళ్ల తాత నుంచి వచ్చిన ముఖం అది. కింది పెదవి కొంచెం ముందుకుంటుంది, కుడి చెంప గింజంత నిండుగా ఉంటుంది. ఆళ్లగడ్డలో ఎన్ని షెడ్లున్నా ఆ ముఖం ఇంకొకరు చెక్కరు.

పోయినేడు ఆయన భుజం పట్టేసినప్పుడు నన్ను పిలిచి, "నా ముఖాన్ని నీ డబ్బాలో కొలిచి పెట్టప్పా. పిల్లోళ్లు ఆ కొలత చూసి మొరటు పని కొట్టుకుంటారు. మిగిలింది నేను చూసుకుంటా. అయితే అది షెడ్డు దాటగూడదు" అన్నాడు. దాటనివ్వనని మాటిచ్చాను. శిల్పుల ఇంట పుట్టనివాణ్ని, పైగా చర్చికి పోయేవాణ్ని, అయినా నా చేతికి ఉలి ఇచ్చిన మనిషి ఆయన. ఆ మాట తప్పితే నేను ఈ ఊర్లో తలెత్తుకుని తిరగలేను.

అందుకే అడుగుతున్నా. ఆ సాఫ్ట్‌వేర్ నా మిగతా ఫోల్డర్లలోకి తొంగి చూస్తుందా? కంపెనీ వాళ్లే నాకొక కంప్యూటర్ ఇస్తారా? ఇస్తే వాళ్ల పని వాళ్ల దాంట్లో చేస్తా, నాది నాకుంటుంది. ఆనందరావు గారిని అడిగి చెప్పు.

మేనకోడలు ఏంజెల్‌కు ముద్దులు.

నీ తమ్ముడు,
అజయ్ కుమార్


నంద్యాల,
2024 జూన్ 16.

తమ్ముడు అజయ్‌కు,

అక్క దీవెనలు. ఏమప్పా, బావా నువ్వూ కలిసి పోస్టాఫీసు పెట్టినారా? ఇమ్మానుయేలు బావ నీ ఉత్తరాన్ని పెరుగన్నం డబ్బా కింద పెట్టి తెచ్చాడు. సగం అక్షరాలు మజ్జిగ తాగాయి. ఈసారి ప్లాస్టిక్ కవరులో పెట్టు.

ఆనందరావు గారిని అడిగాను. నీకు తెలుసు కదా, ఆయన కంపెనీకి మనుషులను సప్లై చేసేవాడు, అంతే. మా జీతాలు ఆయన చేతి నుంచి వస్తాయి గానీ మా పని ఏందో ఆయనకు తెలీదు. "మన పని తప్ప ఇంకేం చూడదమ్మా, చూసేంత తీరిక ఎవురికుంది?" అన్నాడు. కంప్యూటర్ మాత్రం ఇవ్వరు. ఇంటి నుంచి చేసేవాళ్లు సొంతదే వాడుకోవాలట. ఆఫీసుకొచ్చి కూర్చుంటే వాళ్లది. నువ్వేమో షెడ్డు వదిలి రానంటావు.

నా సంగతి వేరే. నేను కూర్చునే కంప్యూటర్ కంపెనీది, కుర్చీ కంపెనీది, టీ కప్పు మాత్రం నాది. లోపలికి పోయేటప్పుడు ఫోన్ డబ్బాలో వేసి తాళం వేస్తారు. బెంగళూరు నుంచి ఫైళ్లు వస్తాయి, సరిచేసి పంపుతాను. అవి యాడికి పోతాయో, ఏ మిషన్ ఏ రాతిని కోస్తుందో నాకు తెలీదు. రెండేళ్లుగా కాంట్రాక్టులోనే ఉన్నాను. డిసెంబరులో కొంతమందిని కంపెనీలోకే తీసుకుంటారట. ఏంజెల్ వాళ్ల నాయన పోయినప్పటి నుంచి ఒక్క నెలైనా వచ్చే నెల గురించి భయపడకుండా నిద్రపోలేదు. ఆ లిస్టులో నా పేరుండాలని ప్రార్థన చెయ్యి.

ఊరికే బెదురుకోకు. నీ ఆచారి గారి ముఖం బెంగళూరు వాళ్లకెందుకు?

నీ అక్క,
లూదియా


ఆళ్లగడ్డ,
2024 జూలై 28.

అక్కకు,

వందనాలు. పని బాగానే నడుస్తోంది. స్తంభాలు పన్నెండు గీసి పంపాను. ఒక్కటీ తిరిగి రాలేదు. అమ్మకు మోకాలికి పట్టీ కొన్నాను, అది కట్టుకుని ఇరుగుపొరుగు వాళ్లందరికీ చూపించి వచ్చింది.

అయితే ఒక సంగతి. మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది, అయినా ఇంటర్నెట్ డేటా కారిపోతోంది. నెలకు సరిపోయేది పది రోజుల్లో అయిపోయింది. ఏదో పైకి పోతోంది. ఆ పచ్చ చుక్కను తీసేస్తే పని ఆగిపోతుందని కాగితంలో రాశారు. ఆ కాగితం పద్నాలుగు పేజీల ఇంగ్లీషు. నువ్వు పెట్టమన్నావని సంతకం పెట్టాను, నిజం చెప్పాలంటే మూడో పేజీ దాటలేదు. ఇంకొకసారి కనుక్కో.

ఆచారి గారు నిన్న ఒక పెద్దమ్మకు కళ్లు తెరిచాడు. నువ్వెప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతాను. విగ్రహం అంతా అయిపోయినా కళ్లుండవు. ఆ చోటు నున్నగా వదిలేస్తారు. నా ఫైలులో కూడా అట్లే వదలమన్నాడు. "కళ్లు మాత్రం నీ డబ్బాలో పెట్టొద్దప్పా" అని గట్టిగా చెప్పాడు. ఆ రోజు ఆయన పొద్దున నుంచి ఏమీ తినడు. తలస్నానం చేసి, అందరినీ షెడ్డు బయటికి పంపి, సన్న ఉలితో ఒక్కడే కూర్చుంటాడు. మధ్యాహ్నం దాటుతుంది. అయ్యాక ఆ ముఖానికి ముందుగా అద్దం చూపిస్తాడు. తర్వాతే మనుషులు చూడాలి. నేను బయట చింతచెట్టు కింద కూర్చున్నాను. అది మన నమ్మకం కాదు గానీ, లోపలి నుంచి ఆ సన్న చప్పుడు వింటుంటే లేవబుద్ధి కాలేదు.

డేటా సంగతి మరిచిపోకు.

అజయ్


నంద్యాల,
2024 ఆగస్టు 4.

అజయ్‌కు,

దీవెనలు. పని ఎక్కువగా ఉంది, చిన్నగా రాస్తున్నా.

డేటా గురించి భయపడకు. కొత్తలో అట్లే లాగుతుందట, తర్వాత తగ్గుతుంది.

నన్ను వేరే పనికి మార్చారు. అరకొరగా వచ్చే ఫైళ్లలో లేనివి పూర్తి చేయాలి. వేలు విరిగి ఉంటే వేలు, నగ చెరిగి ఉంటే నగ. ఫైళ్ల మీద పేర్లుండవు, నంబర్లే. బాగా చేస్తున్నానని మా సూపర్‌వైజరు అందరి ముందర చెప్పాడు.

ఒకటి అడగాలనుకున్నాను. ఆ కళ్లు మీ ఆచారి గారు కాకుండా వేరే ఎవరైనా పెడితే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నా. ఏంజెల్ అడిగింది.

అమ్మను మోకాలు ఎక్కువ మడవొద్దని చెప్పు.

లూదియా


ఆళ్లగడ్డ,
2024 ఆగస్టు 11.

అక్కకు,

ఏంజెల్ ప్రశ్నను ఆచారి గారికే వేశాను. ఆయన ఉలి నూరుకుంటూ, "ఏం కాదప్పా. ఉరుములు పడవు. కళ్లు పెట్టినోడు దాని ఎదుట నిలబడి ఇది నేను పెట్టినా అని చెప్పగలగాల. అంతే" అన్నాడు. తర్వాత నవ్వి, "ఆ పాపను ఒకసారి పిల్చుకరా, నా సందేహాలు గూడా తీరుస్తాదేమో" అన్నాడు. దసరా సెలవుల్లో ఏంజెల్‌ను తీసుకుని రా. షెడ్డు చూపిస్తా.

నిన్ను మెచ్చుకున్నందుకు అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. నీ పని ఏందో తెలియక, "నా బిడ్డ విరిగిపోయినవి అతికిస్తాంది" అని చెప్పింది. పాస్టరు గారు దాని మీదే ఇరవై నిమిషాలు ప్రసంగం చేశాడు.

అజయ్


ఆళ్లగడ్డ,
2024 అక్టోబరు 20.

లూదియా అక్కకు,

సెప్టెంబరులో రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. దసరాకు వస్తావనుకున్నాను, రాలేదు. ఫోన్ చేస్తే అమ్మతోనే మాట్లాడి పెట్టేస్తున్నావు. ఇప్పుడైనా కూర్చుని చదువు.

నన్ను షెడ్డులోకి రావద్దన్నారు.

పోయిన సోమవారం ఇక్కడికి దగ్గరి పల్లె వాళ్లు ఆచారి గారిని పిలిపించారు. కొత్తగా కట్టిన గుడికి పెద్దమ్మ లారీలో వచ్చిందని, ఒకసారి చూసి పీఠం మీద సరిగ్గా కూర్చోబెట్టమని. విగ్రహం బెంగళూరు వైపు మిషన్ మీద కోసినదట. ఆరు రోజుల్లో అయిపోయిందట. కొలత టేపు పట్టుకోవడానికి నేనూ పోయాను.

గడ్డి తీసి, గోతాం విప్పారు. ఆచారి గారు చూశాడు. దగ్గరికి పోయి కుడి చెంప మీద బొటనవేలు పెట్టి, కిందికి జరిపి, పెదవి దగ్గర ఆపాడు. అది ఆయన ముఖమే అక్కా. గింజంత తేడా లేదు. నేను నా చేతులతో కొలిచిన ముఖం నాకు తెలీదా? కళ్లు మాత్రమే ఆయనవి కావు. ఎవరో పెట్టారు. గుండ్రంగా, రెండూ ఒకే మాదిరిగా, తోరణానికి పువ్వులు పెట్టినట్టు పెట్టారు.

ఆయన నా చేతిలో టేపు అందుకుని కొలతలు చూసుకున్నాడు. పీఠం సరిచేసి, ఇచ్చిన టెంకాయ తీసుకుని బయటికొచ్చాడు. బస్టాపులో నిలబడి ఉన్నప్పుడు, "ఎవురికిచ్చినావప్పా?" అని అడిగాడు. ఇవ్వలేదన్నాను. "మరి నడిచిపోయిందా?" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ గురించి, పచ్చ చుక్క గురించి చెప్పాను. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన అంతా విని, "నేను షెడ్డు దాటగూడదన్నా. నువ్వు సరే అన్నావు. ఇంగ రేపట్నుంచి రావాకు" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఊర్లో మాట పాకిపోయింది. ఆచారి ముఖాన్ని అజయ్ అమ్ముకున్నాడని టీ అంగడి దగ్గర నా ఎదురుగానే అంటున్నారు. వేరే షెడ్డు వాళ్లు కూడా నన్ను రానివ్వరు. ఎవరు రానిస్తారు?

నా కంప్యూటర్‌లో నుంచి తీసింది మీ కంపెనీయే. నాకు వేరే దారి కనపడటం లేదు. నువ్వు ఆ కంపెనీ లోపల కూర్చున్నావు. ఏం జరిగిందో కనుక్కుని చెప్పు.

అజయ్


నంద్యాల,
2024 అక్టోబరు 27.

తమ్ముడు అజయ్‌కు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. నువ్వు ధైర్యంగా ఉండాలి. మనుషులు నాలుగు రోజులు అంటారు, తర్వాత మరిచిపోతారు. ముఖాలు కలవడం కూడా ఉంటుంది. లోకంలో ఎన్ని విగ్రహాలు లేవు. ఆచారి గారు పెద్దాయన, కోపంలో అన్నాడు, తగ్గాక పిలుస్తాడు. ఈ లోపల నువ్వు నంద్యాల వచ్చేయ్. ఆనందరావు గారితో మాట్లాడి ఆఫీసులోనే కుర్చీ ఇప్పిస్తాను. కంప్యూటర్ వాళ్లదే ఉంటుంది కాబట్టి ఈ గొడవలేవీ ఉండవు.

దేవుడు నీకు తోడుగా ఉంటాడు.

అక్క


ఆళ్లగడ్డ,
2024 నవంబరు 3.

అక్కకు,

ముఖాలు కలవడం ఉంటుందా? నేను అంత రాస్తే నువ్వు రాసింది ఇదా?

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ ఒక మాటంది. "దాని ఉత్తరంలో ఒక్క ప్రశ్న గూడా లేదు గదరా. అది చిన్నప్పట్నుంచి అంతే. కుండ పగలగొట్టిన పొద్దు నన్ను నీళ్లు గూడా అడిగేది కాదు." నేనూ మళ్లీ చదివాను. నిజమే. ఏ ఊరు, ఎవరు తెచ్చారు, కళ్లు ఎట్లున్నాయి అని ఒక్కటీ అడగలేదు నువ్వు. ఏమీ తెలియనివాళ్లు అడుగుతారు.

నిన్న సిగ్గు విడిచి షెడ్డు గేటు దగ్గరికి పోయాను. ఆచారి గారు లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. "నువ్వు చెప్పేది నిజమైతే ఆడ చూసినోళ్లు ఎవురన్నా ఉంటారు గదప్పా. వాళ్ల నోట ఒక్క మాట తీస్కరా. నమ్ముతా" అన్నాడు.

నీకేం తెలుసో అది రాయి. నేను అమ్ముకోలేదన్న సంగతి ఈ ఊర్లో ఒక్క మనిషైనా నమ్మాలి, ఆ మనిషి ఆయనే కావాలి.

అజయ్


నంద్యాల,
2024 నవంబరు 10.

అజయ్,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది చించకుండానే బావకు ఇచ్చేస్తాను.

ఆ కళ్లు పెట్టింది నేనే.

జూలై ఆఖరి వారంలో ఒక ఫైలు వచ్చింది. పేరు తీసేసి నంబరు వేశారు. తెరవగానే పెదవి చూశాను. నువ్వు జూన్‌లో రాసింది గుర్తొచ్చింది. చెంప చూశాను. కళ్ల చోట నున్నగా ఉంది. సూపర్‌వైజరును పిలిచి ఇది యాడి నుంచి వచ్చింది సార్ అని అడిగాను. మన ఫైళ్లలోదే, నీకెందుకు, కళ్లు పూర్తి చేసి పంపు అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. డిసెంబరు లిస్టు ఆయనే తయారు చేస్తాడు. ఆయన నా కుర్చీ వెనుక నిలబడి ఉన్నాడు. అప్పటికి నీ రెండో ఉత్తరం కూడా చదివాను. ఆచారి గారు ఏమీ తినకుండా కూర్చుంటాడని తెలుసు, అద్దం సంగతి తెలుసు. తెలిసే పెట్టాను. వేరే ఫైలులో ఉన్న కళ్లు తీసి అతికించాను. నువ్వన్నట్టు, పువ్వులు పెట్టినట్టు పెట్టాను. ఏంజెల్ ఏమీ అడగలేదు. అడిగింది నేను.

ఇంకొకటి ఉంది. ఇది దానికంటే చెడ్డది. కంప్యూటర్ ఇవ్వరని నీకు రాశాను. ఇస్తారు. సొంతవాళ్ల పరిచయం మీద వచ్చినవాళ్లకు, పరిచయం చేసినవాళ్లు జామీను సంతకం పెడితే ఇస్తారు. ఏమైనా జరిగితే బాధ్యత నాది అని రాయాలి. ఆనందరావు గారు కాగితం కూడా తెచ్చాడు. నీ మీద నమ్మకం లేక కాదు అజయ్, నాకు నా ఉద్యోగం మీద భయం. సంతకం పెట్టకుండా నీకు అబద్ధం రాశాను. ఆ రోజు ఆ ఒక్క సంతకం పెట్టి ఉంటే ఆచారి గారి ముఖం నీ సొంత కంప్యూటర్‌లో, కంపెనీ పని కంపెనీ కంప్యూటర్‌లో ఉండేవి.

నువ్వు సంతకం పెట్టిన కాగితంలో తొమ్మిదో పేజీ మొన్న చదివాను. పనికి వాడే కంప్యూటర్‌లో ఉన్న డిజైన్లన్నిటికీ నకలు తీసుకునే హక్కు కంపెనీకి ఉందని ఉంది. ఏది ఎవరిదని వాళ్లు చూడరు. మొత్తం తోడుకుంటారు. ఇంటి నుంచి చేసేవాళ్లందరివీ అట్లే తోడుకుంటున్నారు.

నా మీద నాకు అసహ్యంగా ఉంది. ఈ ఉత్తరం ఆచారి గారికి చూపించు.

లూదియా


ఆళ్లగడ్డ,
2024 నవంబరు 17.

లూదియాకు,

చదివాను. అమ్మకు చదివి వినిపించలేదు. నువ్వు పనెక్కువై రాయలేదని చెప్పాను.

షెడ్డుకు పోయి ఆచారి గారికి నీ ఉత్తరం చదివాను, అయితే నువ్వు రాసినట్టు కాదు. "ఆడ పనిచేసే ఒకామె చెప్పింది" అని మొదలుపెట్టి, నీ పేరు, అక్క అన్న మాట, జామీను సంగతి వదిలేశాను. ఎందుకో చెప్తా విను. నా కంప్యూటర్ నుంచి పోయింది, మా అక్క చేతికి చేరింది, మా అక్కే కళ్లు పెట్టింది అంటే ఎవరు నమ్ముతారు? అక్కాతమ్ముడు కలిసి చేశారంటారు. నేనైనా అదే అంటాను. పైగా నీ ఉద్యోగం. నీ మీద నాకున్న కోపం నా దగ్గరుంటుంది, ఏంజెల్ అన్నం మాత్రం పోకూడదు.

ఆయన అంతా విన్నాడు. "ఆమెకు పేరు లేదా?" అన్నాడు. భయపడుతోంది, చెప్పొద్దంది అన్నాను. "పేరు లేని మనిషి మాటను పట్టుకుని నేను ఊరికి ఏమని చెప్పేది? పోప్పా" అన్నాడు. ఆ పూట ఆయన గొంతులో కోపం కూడా లేదు. అలిసిపోయినట్టుంది.

ఇక చేసేదేమీ లేదు. డోన్‌లో గ్రానైటు పాలిష్ పనికి పిలుస్తున్నారు. వచ్చే నెల పోతాను. నువ్వేమీ చేయొద్దు. చేసింది చాలు.

అజయ్


నంద్యాల,
2024 నవంబరు 24.

ఆళ్లగడ్డలో ఉండే శిల్పి ఓబులేసు ఆచారి గారికి,

నమస్కారం. నా పేరు లూదియా. నంద్యాలలో ఉంటాను. మీ దగ్గర పనిచేసిన అజయ్ కుమార్‌కు సొంత అక్కను. ఈ ఉత్తరం రాస్తున్నట్టు వాడికి తెలీదు. తెలిస్తే రాయనివ్వడు.

పోయిన వారం వాడు మీకు చెప్పిన ఆ పేరు లేని ఆడమనిషిని నేనే. వాడు నా పేరు దాచింది నా ఉద్యోగం కోసం. అక్క పేరు చెబితే మీరు ఇద్దరినీ దొంగలనుకుంటారని కూడా భయపడ్డాడు. మీరు అట్లా అనుకున్నా నేను కాదనలేను. జరిగింది మాత్రం రాస్తాను.

అజయ్‌ను ఆ కంపెనీ పనిలో పెట్టింది నేను. కంపెనీ కంప్యూటర్ ఇప్పించగలిగి కూడా, జామీను సంతకానికి భయపడి, ఇవ్వరని వాడికి అబద్ధం చెప్పాను. అందుకే మీ ముఖమున్న కంప్యూటర్‌లోనే వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాడు. అది వాడికి తెలియకుండా మీ ముఖాన్ని తీసుకుపోయింది. దానివల్ల వాడికి ఒక్క రూపాయి రాలేదు. ఈ నష్టమంతా వాడు నన్ను నమ్మే తెచ్చుకున్నాడు.

ఆ ఫైలు నా ముందుకు వచ్చినప్పుడు అది మీదని గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా కళ్లు పెట్టాను. కంపెనీ కంప్యూటర్ ఏ పనికి ఎంతసేపు పట్టిందో లెక్క రాస్తుంది. దానికి నాకు ఎనిమిది నిమిషాలు పట్టింది.

నిన్న ఆనందరావు గారికి పని మానేస్తున్నానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఇంటి నుంచి చేసే మిగతావాళ్లలో నాకు తెలిసిన ఆరుగురికి తొమ్మిదో పేజీ గురించి ఫోన్ చేసి చెప్పాను. ఈ ఉత్తరాన్ని మీరు ఎవరికి చూపించాలన్నా చూపించండి. మీ శిల్పుల సంఘం ముందుకు రమ్మన్నా, పోలీసుల దగ్గరికి రమ్మన్నా వస్తాను. నా పూర్తి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఈ కాగితం వెనుక రాశాను.

కళ్లు పెట్టినవాళ్లు దాని ఎదుట నిలబడి చెప్పాలని మీరన్నారట. ఆ గుడికి పోయే ధైర్యం నాకు లేదు. మీ ఎదుట చెబుతున్నాను. పెట్టింది నేనే. అజయ్ మీకిచ్చిన మాట తప్పలేదు.

లూదియా


ఆళ్లగడ్డ,
2024 డిసెంబరు 8.

లూదియమ్మకు,

ఓబులేసు ఆచారి చెప్పేది. నేను చెప్తాంటే మీ తమ్ముడు రాస్తాండాడు. రాయడానికి నాకు చేతులు లేక కాదు. నేను నీకు చెప్పే మాటలు అతను గూడా వినాలని.

నీ ఉత్తరం అందింది. మొదట నేనొక్కన్నే చదువుకున్నా. తర్వాత మా షెడ్లోళ్లందరినీ కూర్చోబెట్టి చదివించినా. టీ అంగడి కాడ అనినోళ్లను గూడా పిలిపించినా. ఒకాయన లేచిపోయి అజయ్‌ను పిల్చుకొచ్చినాడు. మా సంఘపోళ్లు నీ ఉత్తరం నకలు తీసుకుని వకీలు దగ్గరికి పోయినారు. ఆ కంపెనీని ఏం చేయగలరో నాకు తెలీదు. నిన్ను పిలిస్తే రావాల.

నీ తమ్ముడు డోన్‌కు పోవడంల్యా. షెడ్డుకు వస్తాండాడు. ఆ డబ్బా మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నా. ఉలి, సుత్తి పట్టుకుని మొదట్నుంచి కూర్చోవాల. అతను మాట తప్పలేదని తెలిసింది. చదవని కాగితానికి సంతకం పెట్టింది మాత్రం తప్పే, దానికి నాలుగు మాటలు తిట్టినా. అవి కూడా రాయమంటే రాయడంల్యా.

నువ్వు చేసింది తప్పని నీకు తెలుసు, నేను కొత్తగా చెప్పేదేముంది. ఎనిమిది నిమిషాలని రాసినావు సూడు, ఆ మాట కాడ నాకు మనసు శానా కష్టమాయ. దాచుకోవచ్చు నువ్వు. ఎవురూ అడగలేదు.

పోయిన శుక్రవారం ఆ పల్లెకు పోయినా. మా ముఖమే గదా, ఒకసారి చూద్దామని. కళ్లు బాగలేవు. నేను దాన్ని దించలేను, మార్చలేను. పసుపు పూసి పూలు పెట్టినారు. ఒక ముసలామె దాని ఎదుట కూర్చుని కొడుకు సంగతి ఏదో చెప్పుకుంటాంది. రాయి అని, మిషన్ అని ఆమెకు నేనేం చెప్పేది? నేను గూడా చెప్పులు ఇడిచి దండం పెట్టినా.

చెప్పేది అయిపోయింది. కింద చోటుంది, నీ మాట ఏమన్నా ఉంటే రాసుకోప్పా అని మీ తమ్మునికి చెప్పినా.

ఓబులేసు ఆచారి


అక్కా,

ఇది నా మాట. అమ్మకు అంతా చెప్పాను, నీకు ఫోన్ చేస్తుంది. నాకు మాత్రం కోపం పోలేదు. అది పోయిన రోజు నేనే రాస్తాను. అంతవరకు నువ్వు రాస్తూ ఉండు. జవాబు రాకున్నా రాయి.

అజయ్